నిరాపద అతికిన దూలం

హారాధన్ పంపు కాడను కిందికి నొక్కి వదిలాడు, మళ్ళీ నొక్కాడు, గొట్టంలో నూనె బుస్సుమంది, జాకీ దిగివచ్చి దూలం నడుము మీద ఆనింది. ఇంకా ఏమీ కాలేదు. ఇప్పుడప్పుడే ఏమీ కాదని తపతికి తెలుసు. తాను పాఠాలు చెప్పే కాలేజీలోని ఈ షెడ్డులో ఇలాంటి దూలాలు ఎన్ని విరగ్గొట్టిందో ఆమెకే గుర్తులేదు, అయినా ఇవాళ మొదటి నొక్కుకే అరచేతులు చెమర్చాయి, చీర కొంగుకు తుడుచుకుంటే కొంగుకు సున్నం అంటింది. పొద్దున తానే దగ్గరుండి కింది ఇనుప గర్డరుకంతా సున్నం పూయించింది. ఇనుము సాగితే పైన ఆరిన సున్నం సాగలేక పెచ్చులుగా రాలుతుంది, రాలినచోటల్లా ఇనుము ఇక తన మాట తాను వినని స్థితికి వచ్చిందని అర్థం. ఇంకా అంత దూరం పోలేదు. తెల్లగా, పెళ్ళికి ముస్తాబు చేసినట్టు పడుకుని ఉంది దూలం, కింద ఇనుప గర్డరు, దాని వీపున కాంక్రీటు శ్లాబు, రెండింటినీ ఒకే శరీరంలా పట్టి ఉంచే ఇనుప మేకులు లోపల, కంటికి కనబడకుండా. కనబడని ఆ మేకుల కోసమే ఇదంతా. "నాలుగు టన్నులు, దిదిమణీ," అన్నాడు హారాధన్. పొద్దున్నే వచ్చి జాకీకి సిందూరం బొట్టు పెట్టి, పంపు కాడకు ఒక ఎర్ర మందారం దోపాడు, విశ్వకర్మ పూజ ఇంకా నెలల దూరంలో ఉంది కదా హారూదా అంటే, "దేవుడికి ముందుగా చెప్పుకుంటే తప్పా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇవాళ ఈ షెడ్డులో ఎవరికీ నవ్వు రావడం లేదు.

అన్న వైపు చూడకూడదనుకుంది. చూసింది. గోడ వారన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో నిరాపద నిటారుగా కూచుని ఉన్నాడు, మోకాళ్ళ మీద చేతులు, ఆసుపత్రిలో డాక్టరు పిలుపు కోసం కూచున్నవాడిలా. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మణికట్ల దగ్గర గుండీలు పెట్టుకున్నాడు ఈ ఎండలో, పాత నిప్పురవ్వల మచ్చలు కనబడకుండా. ఆ మచ్చలు తపతికి కంఠతా వచ్చు. చిన్నప్పుడు రాత్రి అన్నాలప్పుడు అన్న పక్కన కూచుని వాటిని చుక్కలు కలిపినట్టు వేలితో కలిపేది, ఇది చేప, ఇది పడవ, ఇది మా లెక్కల మాస్టారి ముక్కు, అన్న గోరుముద్ద పెట్టబోయి ఆగి, "ఖుకూ, ముక్కు అంత పొడుగా?" అనేవాడు, ఇంట్లో ఆమె ముద్దుపేరు అదే. ఆ మచ్చల మీదే ఆమె చదువు నడిచింది. నాన్న పోయాక ఇంట్లో రెండు చేతులే సంపాదించేవి, ఆ చేతులు రోజంతా హవ్‌డా షెడ్లలో ఇనుముకు ఇనుము అతికేవి, సాయంత్రం వస్తే కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకునే, "ఇవాళేం చెప్పార్రా కాలేజీలో? నాకూ చెప్పు, నిద్ర పడుతుంది" అనేవాడు. ఆమె చెప్పేది. ఇనుము లాగితే సాగుతుంది దాదా, కాంక్రీటు లాగితే పగులుతుంది, నొక్కితే మాత్రం రాక్షసి. అందుకే పైన కాంక్రీటు, కింద ఇనుము. పైది నొక్కుడు మోస్తుంది, కిందది లాగుడు మోస్తుంది. "మరి మధ్యలో మేం అతికే మేకులో?" ఆ మేకులు రెండింటికీ మంగళసూత్రం దాదా, అవి లేకపోతే ఎవరి దారిన వాళ్ళు జారిపోతారు. ఆ మాటకు అన్న తడిగుడ్డ కిందనుంచి నవ్వాడు. మర్నాడు షెడ్డులో అందరికీ చెప్పాడట, మా ఖుకు చెప్పింది, మనం పురోహితులం రా అని.

"ఎనిమిది." దూలం నిశ్శబ్దంగా ఉంది. కొసన ఎత్తుపీట మీద ప్రొఫెసర్ ప్రణబేశ్ లాహిరి భూతద్దం పట్టుకుని డయలు మీదికి వంగి ఉన్నాడు. శ్లాబు ఇనుము మీద ఎంత జారుతున్నదో చెప్పే డయలు అది, ఇవాళ్టికి అన్నిటికంటే ముఖ్యమైనది. ముసలివాడైపోయాడు, మెడ వెనక ఎముక తేలింది. "కదలలేదు," అన్నాడు తలెత్తకుండా. అదే గొంతు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట విచారణ సంఘం ముందు, "వెల్డింగు గుల్ల. ఈ మనిషి అతికిన మేకులు మొదటినుంచీ పట్టు లేనివి. వంతెన కూలడానికి అదే కారణం" అని చెప్పిన గొంతు. పోయిన నెల తపతి ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూచుని చేపముళ్ళు పిల్లికి వేస్తున్నాడు, సంగతి విని చాలాసేపు పిల్లినే చూశాడు. "నన్నెందుకమ్మా పిలవడం? నలుగురిలో ఓడించడానికా?" "చూడ్డానికి, సార్. జారుడు డయలు మీరే చదవాలి. నేను చదివితే, అన్న కోసం చదివింది అంటారు." ఆయన చెయ్యి తుడుచుకున్నాడు. "అంటారు. నేనే అందరికంటే ముందు అంటాను." తర్వాత లేచి లోపలికి వెళ్ళిపోయాడు, రానంటున్నాడనుకుని ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే, లోపల్నుంచే అరిచాడు, "భూతద్దం నాదే తెచ్చుకుంటా! మీ కాలేజీ అద్దాలు నేనున్నప్పుడే గీతలు పడ్డాయి!"

శాల్‌తలా కాలువ మీద కట్టిన కాలినడక వంతెన అది. రెండు అంకణాలు, స్తంభం నుంచి స్తంభానికి ఒక్కోటి. దుర్గాపూజ లోపు తెరవాలని కంట్రాక్టరు తొందర. మొదటి అంకణం బాగా ఆరింది, రెండోదానికి శ్లాబు పోసిన వారానికే కింద సెంట్రింగు ఊడదీశారు, పైన కంకర గుట్ట పోశారు. మధ్యాహ్నం అన్నాలవేళ కూలింది. తపతి ఇంట్లో ఉంది, పరీక్షల సెలవులు. అన్న గుమ్మంలో నిలబడ్డాడు, తల మీద, కనురెప్పల మీద సిమెంటు దుమ్ము, అతను కాక మరెవరో ముసలాయన అనుకుంది ఒక్క క్షణం. "కెష్టో కింద ఉన్నాడు ఖుకూ," అన్నాడు. "నీడగా ఉంటుందని కిందికెళ్ళి కూచున్నాడు. ముర్మురాలు తింటున్నాడు. నన్నూ రమ్మన్నాడు. నేను చెయ్యి కడుక్కోడానికి వెళ్ళా." అంతే చెప్పాడు. అన్నతో కలిసి పనిచేసే కెష్టోని సాయంత్రానికి గానీ బయటికి తీయలేకపోయారు, అప్పటికే ప్రాణం లేదు. ఆ తర్వాత కంట్రాక్టరు ఒక గోనెసంచీ తెచ్చి విచారణ సంఘం బల్ల మీద కుమ్మరించాడు, విరిగిన మేకులు, అన్నిటికీ మొదళ్ళు నున్నగా, పట్టు లేకుండా ఊడివచ్చినవి. లాహిరి వాటిని ఒక్కొక్కటిగా అద్దం కింద పెట్టి చూశాడు. కాంక్రీటు పచ్చిగా ఉందన్న మాట కూడా ఎవరో అన్నారు, అది ఎటో కొట్టుకుపోయింది, సంచీ మాత్రం బల్ల మీద మిగిలింది. టీ కొట్టు దగ్గర జనం, "పేరేమో నిరాపద, చేసే పనేమో ఆపద!" అనేవారు. మొదట్లో అన్న వాదించేవాడు. తర్వాత మానేశాడు. అన్నిటికంటే అదే తపతిని కోసేది, ఎందుకంటే అన్న కూడా నమ్మడం మొదలుపెట్టాడు. "ఆ వారం నాకు జ్వరం ఖుకూ. చెయ్యి వణికిందేమో. ఎవడికి తెలుసు?" వెల్డింగు ముసుగు అటక మీదికి ఎక్కించాడు. శివ్‌పూర్ బజారులో గొడుగులు బాగుచేస్తూ కూచున్నాడు, వానాకాలం కాస్త, మిగతా కాలం తాళాలు. ఏటా వంతెన కూలిన రోజున కెష్టో వాళ్ళ వీధి చివరిదాకా నడిచివెళ్ళి, గుమ్మం తొక్కలేక తిరిగి వచ్చేవాడు.

"పన్నెండు." కూలకుండా మిగిలిన మొదటి అంకణంలోది ఈ దూలం. భయపడి ఆ అంకణం నడుము కింద ఒక స్తంభం పెట్టేశారు, అందుకని ఇన్నాళ్ళూ అది తన బరువు తాను పూర్తిగా మోయనేలేదు. కూలినదాన్ని మళ్ళీ కట్టాక జనం నడిచారు, మేకలు నడిచాయి, సైకిళ్ళు, ఊరేగింపులు, అన్నీ స్తంభం పుణ్యం అన్నారు. ఈ ఏడు కాలువ వెడల్పు చేయడానికి దాన్ని పీకేస్తుంటే తపతి పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఒక దూలాన్ని తునాతునకలు చేయకుండా మొత్తంగా ఇమ్మని అడిగింది. అన్న అతికిన ఆఖరి దూలం. అదే జ్వరం, అదే వారం, అవే చేతులు. మొన్న రాత్రి సంగతి చెప్పినప్పుడు వదిన, అంటే బౌదీ, చేప తరుగుతున్నదల్లా కత్తిపీట మీదనుంచి లేచింది, "ఎందుకు తవ్వుతావు తపూ? మానుతున్న పుండు" అంది. అన్న మాత్రం గొడుగు ఊచ వంచుతూ, ఆ ఊచతోనే మాట్లాడుతున్నట్టు, "వస్తాను" అన్నాడు. పొద్దున టోటో రిక్షాలో వచ్చి కాలేజీ గేటు దగ్గర దిగుతూ, "ఊడిపోతే దాచకు. నా మొహం చూసి దాచకు" అన్నాడు. "దాచను దాదా." దాచను అని తేలిగ్గానే అంది. ఇప్పుడు జాకీ కింద ఆ మాట బరువు పెరుగుతోంది. నిజంగా ఊడితే? తాను నోరు తెరిచి, ఇంతమందిలో, అవును గుల్లే అని చెప్పగలదా? చెప్పాలి. ఇన్నేళ్ళూ పిల్లలకు అదే కదా చెప్పింది, దూలం అబద్ధమాడదు, చూసేవాడే ఆడతాడు, మీరు ఆడొద్దు. పెద్ద మాటలు. మట్టి కప్పులో టీ చల్లారి మీగడ కట్టింది. పైకప్పు దూలం మీద కాకి ఒకటి అటూ ఇటూ నడుస్తోంది, దానికేం, పైన ఉంది.

ఠాప్!

షెడ్డంతా మోగింది. కాకి ఎగిరిపోయింది. నిరాపద కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, కుర్చీ వెనక్కి పడింది, అతని మొహం ఆనాడు గుమ్మంలో నిలబడ్డ మొహమే, దుమ్ము లేదంతే. "కదిలింది," అన్నాడు లాహిరి. హారాధన్ కాడ మీద చెయ్యి బిగించి ఆగిపోయాడు. తపతికి తెలుసు, ఈ చప్పుడు తెలుసు, సిమెంటు ఇనుముకు ఊరికే అంటుకుని ఉంటుంది, మొదట ఆ అంటు వదులుతుంది, ప్రతి దూలానికీ వదులుతుంది, మంచిదానికీ చెడ్డదానికీ, అప్పటిదాకా మేకులకు పనే ఉండదు, ఇప్పుడే వాటి మీద పడుతుంది మొత్తం, ఇప్పుడే తెలుస్తుంది, తెలుసు ఇదంతా, పుస్తకం రాయగలదు దీని మీద, అయినా, అమ్మా, కాళికా, ఇరవై ఒక్క ఏళ్ళు. "ఎంత కదిలింది సార్?" తన గొంతు తనకే కొత్తగా వినబడింది. లాహిరి అద్దం తుడుచుకున్నాడు. తొందర లేనట్టు మళ్ళీ వంగాడు. ఆయన్ని కొట్టాలనిపించింది. "వెంట్రుకవాసి," అన్నాడు చివరికి. "ఇంకా పోతోందా?" ఆయన ముల్లునే చూస్తున్నాడు. బయట గంగ మీద ఏదో లాంచీ కూత వేసింది, ఆ కూత ఎంతకీ తెగదు, అది తెగేదాకా ఆయన తల ఎత్తడు. "ఆగింది," అన్నాడు. తర్వాత, తనలో తాను చెప్పుకుంటున్నట్టు, "పట్టుకుంది" అన్నాడు.

మేకులు పట్టుకున్నాయి. కానీ ఇది ఇంకా మొదలే. "కూచో దాదా," అంది తపతి, వెనక్కి తిరగకుండా. "నేను నిలబడతాలే," అన్నాడు. "పద్నాలుగు... పదిహేను..." పద్దెనిమిది దగ్గర ఒక గీత ఉంది ఆమె మనసులో. ఉత్త ఇనుప గర్డరు, పైనున్న శ్లాబు సాయం చేయకపోతే, ఒంటరిగా మోయగలిగింది అంతవరకే. మేకులు గుల్లవైతే శ్లాబు తన దారిన తాను జారిపోతుంది, గర్డరు ఒక్కటే మిగిలి, పద్దెనిమిది దగ్గర నడుం వంచి పక్కకు ఒరుగుతుంది. గుల్ల కాకపోతే ముప్పై రెండు. ఆ అంకె ఆమె ఎవరికీ చెప్పలేదు. దూలాలు ఎలా విరుగుతాయో చూడ్డమే బతుకుగా పెట్టుకున్నావేమిటే అని అమ్మ బతికున్నప్పుడు అనేది, నలుగురూ కడతారు, నువ్వేమో కూలగొడతావు. అవునమ్మా. కూలగొట్టి చూస్తేనే తెలుస్తుంది. చావుల్లో మంచి చావు ఉన్నట్టే విరగడంలో మంచి విరగడం ఉంది. ముందు మూలుగుతుంది, వంగుతుంది, చూసినవాళ్ళకు భయం పుట్టేంత వంగుతుంది, పారిపోండిరా అని చెబుతుంది, పిల్లల్ని చంకనేసుకుని జనం అవతలికి పోయేదాకా ఓపిక పడుతుంది, అప్పుడు గానీ పడదు. కెష్టోకి ఆ వ్యవధి దొరకలేదు. పచ్చి కాంక్రీటు మేకుల చుట్టూ పెరుగులా ఉండిఉంటుంది, ఏం పట్టుకుంటాయి మేకులు పెరుగుని? ఇదంతా ఆమెకు ఎప్పటినుంచో తెలిసినట్టే ఉంది, కానీ తెలిసినట్టు ఉండడం వేరు. చెల్లెలు కదా, చెల్లెలి మనసు అన్న వైపే కొలుస్తుంది. అందుకే ఈ జాకీ. జాకీకి చెల్లెలూ అన్నా లేరు.

"పదిహేడు." హారాధన్ కాడ నొక్కడం నెమ్మదించాడు. అతనికి గీత సంగతి తెలియదు, అయినా ఏదో వాసన కొట్టినట్టుంది. "పద్దెనిమిది, దిదిమణీ." "కదలలేదు," అన్నాడు లాహిరి. "పందొమ్మిది." "కదలలేదు." "ఇరవై." "ఒక వెంట్రుక... లేదు, కదలలేదు." గీత వెనకపడింది. గీత వెనకపడింది! నడుస్తూ నడుస్తూ ఊరి పొలిమేర దాటినట్టు, ఎక్కడ దాటామో తెలియకుండా దాటేసింది దూలం. తపతికి ఏడుపు రాలేదు, ఆకలేసింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. పిచ్చిగా, వేడివేడి ఉల్లిపాయ బజ్జీలు, ముర్మురాల్లో ఆవనూనె, పచ్చిమిరపకాయ కొరికితే ముక్కులోంచి నీళ్ళు కారాలి. "ఏమైంది ఖుకూ?" అన్నాడు నిరాపద వెనకనుంచి, సన్నగా. "ఎవరూ ఏం చెప్పరేం?" ఆమె తిరిగింది. అన్న ఆమె మొహంలోకి చూశాడు. "ఇంకా మోస్తోంది దాదా," అంది. అతను తలూపాడు, అర్థమయ్యో కాకో, చొక్కా చేతుల గుండీలు విప్పి మోచేతుల దాకా మడిచాడు.

ఇరవై అయిదు దాటాక దూలం మాట్లాడడం మొదలుపెట్టింది. ముందు సన్నని మూలుగు, ఆవు ఈనేముందు తీసే మూలుగు. తర్వాత సున్నం. గర్డరు అడుగున, సరిగ్గా నడుము దగ్గర, తెల్లటి పూత మీద ఏటవాలుగా ఒక గీత, దాన్ని కోస్తూ ఇంకోటి, పెచ్చు ఒకటి ఊడి గాల్లో తిరుగుతూ నేల మీద పడింది. తపతి వంగి చూసింది. ఇనుము సాగుతోంది. పైనున్న శ్లాబు తన వంతు నొక్కుడు తాను మోస్తే తప్ప ఇనుము ఇంత బరువుదాకా నిలిచి సాగదు, మేకులు ఒక్కటంటే ఒక్కటి కూడా చేయి వదలకపోతే తప్ప శ్లాబు మోయదు. ఎదురుగా నేల మీద సున్నం రాలుతోంది, గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా. "ముప్పై," అన్నాడు హారాధన్, చెమట కళ్ళలోకి కారుతుంటే భుజానికి తుడుచుకుని, "దిదిమణీ, నా చెయ్యే ముందు విరిగేట్టుంది!" ఈసారి నవ్వింది ఎవరో, తానే. దూలం కళ్ళకు కనబడేంతగా వంగింది, ఊయలలా, జానెడు, పగుళ్ళు శ్లాబు అడుగునుంచి పైకి పాకుతున్నాయి, అయినా దించమనడం లేదు అది, ఇంకా, ఇంకా అంటోంది. "ముప్పై రెండు." లాహిరి భూతద్దం కిందికి దించాడు. ఇక చదవాల్సింది ఏమీ లేదన్నట్టు, కొసనుంచి కొసదాకా దూలాన్నే చూస్తున్నాడు. "సార్, జారుడు?" "ఏం జారుడు," అన్నాడు ఆయన విసుగ్గా, "గుడిస్తంభంలా ఉంటే!" ముప్పై మూడు. ముప్పై నాలుగు. జాకీ పక్కన కాంక్రీటు పైపొర పిండిలా రేగింది, తర్వాత పెళ్ళలు లేచాయి, తపతి "అందరూ వెనక్కి!" అని అరిచింది, ఫెళ్ళుమని శ్లాబు నడినెత్తి చితికింది, దుమ్ము లేచింది, జాకీ ముల్లు పడిపోయింది. దూలం పడలేదు. జానెడున్నర వంగి, నెత్తి చితికి, నడుం సాగి, ఆనిన చోటే ఆని ఉంది. ఎంత మర్యాదగా విరిగింది! చెప్పాల్సినవన్నీ చెప్పి, మోయాల్సినదానికంటే ఎక్కువ మోసి విరిగింది. దుమ్ము అణిగేదాకా ఎవరూ కదలలేదు.

డ్రిల్లుతో కొసన శ్లాబు పగలగొట్టించమన్నది లాహిరే. "మూత తీసి చూడందే నేను నమ్మను," అన్నాడు, కానీ గొంతులో పాత గీర లేదు, సంతకం పెట్టేముందు ఆఖరుసారి చదువుకునేవాడి గొంతు. కాంక్రీటు ముక్కలు ఊడిపోతుంటే మేకులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి, కోసిన వరిచేలో దుబ్బుల్లా వరసగా, కొంచెం కొంచెం లోపలికి ఒరిగి, ప్రతి మొదలు చుట్టూ వెల్డింగు ఉంగరం, తుప్పులేకుండా, నిండుగా. నిరాపద దగ్గరికి వచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత తన చేతిరాత తాను చూసుకుంటున్నట్టు చూశాడు. వేలితో ఒక ఉంగరం చుట్టూ నిమిరాడు. "ఇక్కడ కాస్త ఎక్కువైంది," అని గొణిగాడు. "జ్వరం." లాహిరి గోడ మూలనున్న సుత్తి అడిగి తీసుకున్నాడు. మేకు అతుకు మంచిదో కాదో తేల్చడానికి పాతకాలపు పద్ధతి అదే, పక్కనుంచి కొట్టు, గుల్లదైతే ఠక్కున ఊడుతుంది. ముసలాయన రెండు చేతులా ఎత్తి కొట్టాడు. మేకు ఖంగుమంది. మళ్ళీ కొట్టాడు. మూడోసారికి ఆయాసం వచ్చి, పంచె ఎగదోసుకుని, దూలం అంచు పట్టుకుని నిలబడ్డాడు. మేకు కాస్త వంగిందంతే.

"నావల్ల కాదు," అన్నాడు. సుత్తి కాడ నిరాపద వైపు తిప్పాడు. "మీరే కొట్టండి, నిరాపద బాబూ."

నిరాపద సుత్తి పుచ్చుకోలేదు వెంటనే. ఆయన వైపే చూస్తున్నాడు. లాహిరి కళ్ళు తిప్పుకోలేదు. "ఆ సంచీ చూశాను నేను," అన్నాడు. "దూలం చూడలేదు. ఆ మేకులు ఏ దూలంవి, ఎవరు ఏరారు, ఒక్క ప్రశ్న వేయలేదు. నాకు తొందర. అంతకంటే నా దగ్గర సాకు లేదు. ఇవాళే రాసిస్తాను, ఎవరెవరికి రాయాలో అందరికీ." "కెష్టోకి ఎవరు రాస్తారు సార్?" అన్నాడు నిరాపద. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ముసలాయన తల మెల్లగా దించాడు. అప్పుడు నిరాపద సుత్తి అందుకున్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. అన్న నిలబడే తీరు చూసి తపతికి గుండెలో ఏదో విచ్చుకుంది, గొడుగుల ముందు గూని కూచున్న మనిషి ఏడీ, ఈ వీపు ఎక్కడ దాచాడు ఇన్నాళ్ళూ? కొట్టాడు. షెడ్డు రేకులు గణగణలాడాయి. ఇంకోటి. ఇంకోటి. మేకు తల వంచి, వంచి, గర్డరు మీద సాష్టాంగపడింది, మొదలు మాత్రం చీమంతైనా పగలలేదు. పక్కదాన్ని కొట్టాడు. దాని పక్కదాన్ని. వరసంతా కొట్టుకుంటూ పోయాడు, సిమెంటు దుమ్ము జుట్టులో, మీసాల్లో, చెమటకు చారలు కట్టి, హారాధన్ ఒక్కో దెబ్బకూ, "ఆహా! అలాగా! ఇంకోటి దాదా, ఇంకోటి!" అని ఫుట్‌బాల్ మైదానంలో కేకలేసినట్టు కేకలేస్తున్నాడు, తపతి కూడా కేకలేస్తోంది, ఏమని కేకలేస్తున్నదో తనకే తెలియదు, కాలేజీ పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడారు, మేడమ్‌కు ఏమైందోనని. ఒక్కటీ ఊడలేదు.

సుత్తి కింద పెట్టి నిరాపద చెల్లెలి ఫోను అడిగాడు. చేతులు వణుకుతున్నాయి, ఈసారి జ్వరం కాదు, అంకెలు తపతే నొక్కి ఇచ్చింది. "ఏమేవ్, వింటున్నావా?" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. రెండోసారి ప్రయత్నించి, "ముప్పై నాలుగు టన్నులు మోసిందే. నా మేకు ఒక్కటీ ఊడలేదు. ప్రొఫెసరుగారే చూశారు. తప్పు నాది కాదటే" అన్నాడు. అవతలనుంచి బౌదీ గొంతు, ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా షెడ్డంతా వినబడేంత గట్టిగా, ఏడుస్తూ తిడుతూ వచ్చింది. "ఇరవై ఒక్క ఏళ్ళుగా నేనేం చెప్పి చస్తున్నాను నీకు? మొగుడా, పెళ్ళాం చెబితే చెవికెక్కలేదు గానీ, ముప్పై నాలుగు టన్నులు చెబితే ఎక్కిందా?" హారాధన్ పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. లాహిరి భుజాలు కదులుతున్నాయి. నిరాపద ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తిట్లు తింటున్నాడు, ఒక్కదానికీ అడ్డు చెప్పకుండా, ఊఁ, ఊఁ, అవునే, అంటూ, కళ్ళలోంచి నీళ్ళు దుమ్ములో దారులు చేసుకుంటూ దిగుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.